లద్దెల లెక్క

మా ఇంటి వరండాలో గడియారం పక్కన ఒక పొడుగాటి లెక్కల పుస్తకం మేకుకు వేలాడుతూ ఉంటుంది. వచ్చిన చుట్టాలు దాన్ని పాల ఖాతా అనుకుని తిరగేస్తారు. ప్రతి పేజీలోనూ 'లద్దె' (గుర్రపు పేడ) అన్న మాట, దాని ఎదురుగా ఒక అంకె, అక్కడక్కడ 'పొడిగా ఉంది', 'మెత్తబడింది', 'గింజలు కనబడ్డాయి' వంటి వ్యాఖ్యలు చూసేసరికి మా ఇద్దరి మతి మీద అనుమానం కలిగి, మాట్లాడకుండా పుస్తకాన్ని మళ్ళీ మేకుకే తగిలిస్తారు. ముప్ఫై రెండేళ్ళు బ్యాంకులో లెక్కలు రాసిన దాన్ని కాబట్టి ఆ అలవాటు పోలేదని మావారు వాళ్ళకు సర్దిచెబుతారు గానీ, ఈ పుస్తకం మొదలైంది అలవాటు వల్ల కాదు, ఒక ఏప్రిల్ రాత్రి పడిన భయం వల్ల.

ఉద్యోగ విరమణ తర్వాత చేవెళ్ళకు కొద్ది దూరంలో మూడున్నర ఎకరాల ఎర్రనేల కొని, మామిడి మొక్కలు నాటుకుని, రెండు గదుల ఇల్లు కట్టుకున్నాము. ముందుగా మాకు దక్కినవి కుక్కలు. భైరవ అన్న నాటు కుక్క మేము కొనకముందు నుంచే ఆ పొలంలో ఉండేది. భూమితో పాటు సంక్రమించిన ఆస్తి అనుకోవచ్చు. చిన్ని దాని వెంట వచ్చిన గోధుమ రంగు ఆడకుక్క. మూడోది లాబ్రడార్, ఎవరో నగరవాసులు బీజాపూర్ రోడ్డు మర్రిచెట్ల కింద కారు ఆపి, మెడపట్టీ కూడా విప్పకుండా దింపి వెళ్ళిపోయారు. దానికి రాజు అని పేరు పెట్టాము. గుర్రాల ఆలోచన మాకు ఏ కోశానా లేదు. మా తమ్ముడికి తెలిసినవారి దగ్గర ఉన్న ఏడేళ్ళ పందెపు గుర్రానికి ముందుకాలి వెనక స్నాయువు దెబ్బతిని పరుగుకు పనికిరాకుండా పోయిందనీ, చోటు దొరక్కపోతే దాని గతి ఏమవుతుందో తెలియదనీ విని, మావారు చూసి వస్తామని బయలుదేరి తీసుకుని వచ్చారు. శరత్ అని పేరు మేము పెట్టిందే. మన దేశంలో పందెపు గుర్రాలన్నిటికీ ఏటా జనవరి 1న ఒక ఏడాది వయసు పెరిగినట్లు లెక్క కడతారని ఆ తర్వాతనే తెలిసింది. అసలు పుట్టిన తేదీ ఏదైనా సరే.

వచ్చిన మొదటి వారం శరత్ కంచె వెంట ఆ మూల నుంచి ఈ మూలకు నడుస్తూనే ఉండేవాడు. దాణా సగంలో వదిలేసేవాడు, గాలి వాసన చూసి సకిలించేవాడు, రాత్రి ఎప్పుడు చూసినా నిలబడే ఉండేవాడు. గుర్రాలు నిలబడే నిద్రపోతాయని చిన్నప్పుడు చదువుకున్నాను; అది సగం నిజమే. నిలబడి కునుకు తీస్తాయి గానీ గాఢనిద్రకు కొంతసేపైనా పడుకోవాలి, కాపలాకు తోడు ఉందన్న నమ్మకం లేనిదే అవి పడుకోవు. పాతబస్తీలో నలభై ఏళ్ళు సైసుగా, అంటే గుర్రాలను చూసుకునే మనిషిగా పనిచేసి, ఇప్పుడు వారానికి రెండు రోజులు మా దగ్గరకు వచ్చే పెద్దాయన, వచ్చిన రోజే అటూ ఇటూ చూసి, "ఒంటి గుర్రం పిచ్చిదైతదమ్మా, జోడు తెండి" అని తేల్చేశారు. ఆయన ద్వారానే పెళ్ళి బారాతుల్లో తిరిగి తిరిగి వయసు మళ్ళిన తెల్ల ఆడగుర్రం వెన్నెల వచ్చింది. దాని వెంట్రుకలు తెల్లవే గానీ స్నానం చేయించినప్పుడు కింద చర్మం నల్లగా కనిపిస్తుంది. ఇటువంటి తెల్ల గుర్రాలు చాలావరకు పుట్టినప్పుడు ముదురు రంగులో ఉండి ఏటేటా తెల్లబడతాయి. అది వచ్చిన మూడో రాత్రి టార్చి వేసి చూస్తే శరత్ ఇసుకలో కాళ్ళు చాపుకుని పడుకుని ఉన్నాడు, వెన్నెల పక్కన నిలబడి ఉంది, గుమ్మం దగ్గర భైరవ ముడుచుకుని ఉంది. ఆ రాత్రి నేనూ హాయిగా నిద్రపోయాను.

మేతలో మేము చేసిన తప్పులు చెప్పుకోవాలి. గేదెలను చూసి పెరిగినవాళ్ళం కాబట్టి గుర్రానికి కూడా అవే పెడితే సరిపోతుందనుకున్నాము. గేదెకు నాలుగు గదుల పొట్ట, నెమరు. గుర్రానికి ఒకే పొట్ట, అదీ ఒంటికి తగ్గట్టు చూస్తే చాలా చిన్నది, 8 నుంచి 15 లీటర్లకు మించదు. అందుకని అది రోజంతా కొద్దికొద్దిగా నములుతూ ఉండాలి. ఒకేసారి గంపెడు దాణా పోస్తే ముప్పు. ఒంటి బరువులో నూటికి ఒకటిన్నర నుంచి రెండు వంతుల ఎండు మేత రోజుకు కావాలన్నది లెక్క. బరువు తూచే కాటా మాకెక్కడిది? పశువైద్యుడు దర్జీ టేపుతో చూపించారు: ముందుకాళ్ళ వెనక ఛాతీ చుట్టుకొలతను సెంటీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే హెచ్చవేసి, భుజం ముందు నుంచి పిరుదు చివరిదాకా ఉన్న పొడవుతో మళ్ళీ హెచ్చవేసి, 11,880తో భాగిస్తే కిలోలు వస్తాయి. శరత్ 440, వెన్నెల 350 దగ్గర తేలాయి. అంటే శరత్‌కు రోజుకు 7 నుంచి 9 కిలోల మేత. మా చుట్టుపక్కల విరివిగా దొరికే సూపర్ నేపియర్ గడ్డి పచ్చగా ఊరిస్తుంది గానీ, అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టి ఉంచి ఒంటికి అందనివ్వవనీ, నెలల తరబడి అదే పెడితే గుర్రం దవడ ఎముకలు ఉబ్బుతాయనీ డాక్టరుగారు వారించారు. లేత జొన్నపైరు దగ్గరకు అసలే పోనివ్వవద్దన్నారు. చివరకు గరిక, లూసర్న్, కొంచెం దశరథ గడ్డి అని కుదుర్చుకున్నాము. ఇంగ్లీషువాళ్ళు గుర్రాల పేరే పెట్టిన ఉలవలను మాత్రం ఉడికించే పెడతాము. పచ్చి గింజలు సరిగా అరగవు. ఉడికించిన నీళ్ళు వంటింట్లోకి, గింజలు గుర్రపుశాలలోకి. మా ఇంట్లో ఉలవచారుకు కొరత లేదు.

ఇక ఆ ఏప్రిల్ రాత్రి సంగతి. వేసవి ముదిరి గరిక ఎండిపోయింది, లూసర్న్ మోపులు దొరకడం తగ్గింది, మేము ఎండు జొన్న చొప్ప పాళ్ళు పెంచాము. నీళ్ళ తొట్టి నల్ల ప్లాస్టిక్‌ది, మధ్యాహ్నం మూడు గంటలకు అందులో చెయ్యి పెడితే చురుక్కుమనేది. చిన్నికి ఒక అలవాటు ఉంది, చెప్పడానికి సిగ్గుగా ఉంటుంది గానీ గుర్రాలున్న చోట కుక్కలన్నీ చేసేదే: తాజా లద్దె పడగానే వెళ్ళి ఒక ఉండ నోట కరచుకుని వస్తుంది. ఆ సాయంత్రం చిన్ని శరత్ వెనక తన మామూలు చోట గంటకు పైగా కూర్చుని, చివరకు ఏమీ దొరకక లేచి వచ్చేసింది. నేను చూశాను. చూసి, దాని ముఖం చూసి నవ్వుకున్నాను కూడా. రాత్రి తొమ్మిదికి దాణా పెట్టడానికి వెళితే శరత్ తొట్టివైపు చూడలేదు. ముందుకాలితో నేల గీరుతున్నాడు, మెడ తిప్పి డొక్క వైపు చూసుకుంటున్నాడు, పైపెదవి పైకి ముడుస్తున్నాడు, పడుకోబోయి మళ్ళీ లేస్తున్నాడు. శూల, అంటే గుర్రపు కడుపునొప్పి. ఆ మాట తెలుసు గానీ ఎదురుగా చూడడం అదే మొదలు.

ఫోనులో డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న, "చివరిసారి లద్దె ఎప్పుడు వేశాడమ్మా?" మా ఇద్దరికీ తెలియదు. చిన్నికి తెలుసు. దవడ ఎముక కింద రక్తనాళం మీద వేళ్ళు పెట్టి నాడి లెక్కించమన్నారు. తీరికగా ఉన్న గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44 దాకా ఉండాలి, శరత్‌కు 56 ఉంది. పంటి చిగురు నొక్కి వదిలితే రెండు సెకన్లలోపు మళ్ళీ గులాబీరంగు రావాలన్నారు, వచ్చింది. అది కొంత ఊరట. డొక్కకు చెవి ఆనించి వినమన్నారు. మామూలుగా అక్కడ దూరపు ఉరుముల్లాగా గడబిడ వినబడుతూ ఉండాలట. ఎడమ వైపు ఏమీ వినబడలేదు. మేత అంతా తీసేయమని, నెమ్మదిగా నడిపించమని, అలసిపోయేలా తిప్పవద్దని, తాను బయలుదేరుతున్నానని చెప్పారు. అంతలో పక్క పొలం రైతు వచ్చి, ఎద్దులకు పోసినట్లు వెదురు గొట్టంతో ఆముదం పోద్దామన్నాడు. మంచి మనసుతో అన్న మాటే. కానీ పోస్తే నూనె ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉందని డాక్టరుగారు ఫోనులోనే గట్టిగా వద్దన్నారు. గుర్రానికి వాంతి రాదు. లోపల చేరింది ముందుకు పోవలసిందే తప్ప వెనక్కి రాదు. అందుకే మనిషికి కడుపునొప్పి ఒక ఇబ్బంది, గుర్రానికి అది ప్రాణగండం.

ఆయన వచ్చేసరికి పదకొండున్నర దాటింది. నొప్పి తగ్గించే ఫ్లునిక్సిన్ ఇంజెక్షన్ ఇచ్చి, భుజం దాకా తొడుగు వేసుకుని లోపల పరీక్షించి, పెద్దపేగు ఎడమవైపు వెనక్కి మలుపు తిరిగి సన్నబడే చోట ఎండు మేత గట్టిపడి ఆగిందనీ, పేగు మెలిపడలేదనీ చెప్పారు. మెలిపడి ఉంటే శస్త్రచికిత్స తప్ప దారి లేదు, అంత రాత్రి మా ఊరి నుంచి దాని మాట తలుచుకోవడానికే భయమేసింది. ముక్కులోంచి గొట్టం వేసి, అది పొట్టలోకే వెళ్ళిందని రెండుసార్లు చూసుకుని, గోరువెచ్చని ఉప్పునీళ్ళు, లిక్విడ్ పారఫిన్ బక్కెట్‌తో పోశారు. ఆ తర్వాత చేయగలిగిందల్లా ఎదురుచూడడమే. పన్నెండు నుంచి గంటకొకసారి నేను నాడి చూసి ఒక పాత క్యాలెండరు వెనక రాశాను: 52, 52, 48, 46, 44. తెల్లవారి 5 గంటల 40 నిమిషాలకు నూనె మెరుస్తున్న గట్టి ఉండలు నాలుగు పడ్డాయి. మావారు నీళ్ళు నిండిన కళ్ళతో వాటిని చూస్తూ ఉంటే, చిన్ని ఆయన కాళ్ళ మధ్య నుంచి దూరి వచ్చింది. నూనె ఉండలు కదా, దానికి కడుపు పాడవుతుందని పట్టుకుని లాగవలసి వచ్చింది.

ఆ క్యాలెండరు అట్ట తర్వాత పుస్తకం అయింది. ఆరోగ్యంగా ఉన్న గుర్రం రోజుకు 8 నుంచి 12 సార్లు లద్దె వేస్తుంది. మేము రాత్రి కాపలా ఉండము గనుక, ఉదయం 6కు, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి 9కి ఎత్తేటప్పుడు కుప్పలు లెక్కపెట్టి రాస్తాము. రెండు గుర్రాలవీ ఎలా వేరు చేస్తారని అడుగుతారు. శరత్ ఒకే మూలకు వెళ్ళే అలవాటున్నవాడు, వెన్నెలకు అటువంటి నియమమేమీ లేదు. నీళ్ళ తొట్టి మార్చి సిమెంటు కుండీ కట్టించాము, పైన తాటాకు పందిరి వేశాము. గుర్రానికి మామూలు రోజుల్లోనే 25 నుంచి 50 లీటర్ల నీళ్ళు కావాలి, ఎండల్లో ఇంకా ఎక్కువ. నీళ్ళు వేడెక్కితే తాగడం తగ్గిస్తుంది, తగ్గించినట్లు మనకు చెప్పదు. అందుకని కుండీ లోపలి గోడ మీద రంగు గీతలు గీసి, ఎంత తగ్గిందో కూడా రాస్తున్నాము.

శూలకు మూడో కారణం నెల రోజుల తర్వాత బయటపడింది. శరత్ మేత నమిలి నమిలి తడి ముద్దలుగా కింద పడేస్తుంటే అల్లరి అనుకున్నాము. రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలో చదివి వచ్చిన ఒక యువ డాక్టరు నోరు తెరిచి పట్టే పరికరం పెట్టి, నా చేతినే లోపలికి పంపించి తడమమన్నారు. దవడ పళ్ళ అంచులు కత్తుల్లా ఉన్నాయి, బుగ్గ లోపల పుండ్లు. గుర్రం పళ్ళు జీవితమంతా పైకి వస్తూనే ఉంటాయి, అరుగుదల సమంగా లేకపోతే అంచులు తేలుతాయి. ఏడాదికి ఒకసారైనా ఆకురాయితో సమం చేయాలి. ఆయన ఆ పని చేస్తూ ఉంటే చూడడానికి వచ్చిన ఊరివాళ్ళలో ఒక పెద్దావిడ, "గుడ్డి గుర్రానికి పళ్ళు తోమినట్టుంది మీ పని" అని నవ్వింది. సామెత పుట్టించినవాడు గుర్రాన్ని పెంచినవాడు కాదని నా అనుమానం. గుడ్డిదైనా సరే, పళ్ళు చూడవలసిందే.

గిట్టల పని మాత్రం పండుగలా జరుగుతుంది, కుక్కలకు. గిట్ట నెలకు సుమారు 6 నుంచి 10 మిల్లీమీటర్లు పెరుగుతుంది కాబట్టి ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఒకసారి గిట్టలు చెక్కి నాడాలు కొట్టే నాల్‌బంద్ వస్తాడు. శరత్‌కు ఇప్పుడు పరుగు లేదు గనుక నాడాలు తీసేయించాము. మొదటి రెండు నెలలు కంకర మీద కుంటుతూ నడిచాడు, తర్వాత సర్దుకున్నాడు. నాల్‌బంద్ చెక్కిన గిట్ట పెచ్చుల కోసం మూడు కుక్కలూ వరుసగా కూర్చుంటాయి, పెద్ద పెచ్చు దొరికినది మామిడిచెట్టు కిందికి పరుగు తీస్తుంది. నాడాలు విప్పిన రోజు మాత్రం వాటిని కట్టేసి, ఒక అయస్కాంతంతో నేలంతా జల్లెడ పట్టి మేకులు ఏరాము.

గుర్రాల మందు కుక్కలకు ఎంత ప్రమాదమో నా నిర్లక్ష్యం వల్లే తెలిసింది. వానాకాలం చివర గుర్రాలకు కడుపులో పురుగులు పోవడానికి ఐవర్‌మెక్టిన్ పేస్టు పెడతాము. అది గుర్రం బరువుకు తూచి చేసిన మోతాదు. పిచికారీలో ఉన్నదంతా ఒక కుక్కకు ఎన్నో రెట్లు ఎక్కువ. వెన్నెల తల విదిలిస్తే పేస్టులో కొంత నేల మీద పడింది. తర్వాత తుడుస్తానని గుడ్డ తీసుకురావడానికి వెళ్ళాను. నేను తిరిగి వచ్చేసరికి రాజు నేలను శుభ్రంగా నాకేశాడు. సాయంత్రానికి తాగినవాడిలా తూలడం మొదలుపెట్టాడు, చొంగ కారింది, కనుపాపలు పెద్దవై గోడకు గుద్దుకున్నాడు. దీనికి విరుగుడు మందంటూ లేదు, సెలైన్ ఎక్కించి, చీకటి గదిలో కదలకుండా ఉంచి కాపాడుకోవలసిందే. మూడో రోజుకు లేచి అన్నం తిన్నాడు. కోలీ జాతి కుక్కల్లో చాలావాటికి ఈ మందును మెదడులోకి పోకుండా ఆపే జన్యువు లోపించి ఉంటుందనీ, వాటికి ఇంతకన్న తక్కువ మోతాదే ప్రాణాంతకమనీ డాక్టరు చెప్పారు. అప్పటి నుంచి పేస్టు రోజున కుక్కలను ఇంట్లో పెట్టి తలుపు వేస్తాము. మందులో కొంత లద్దెలో కూడా బయటికి వస్తుంది గనుక నాలుగైదు రోజులు ఎప్పటికప్పుడు ఎత్తి దూరంగా గుంటలో వేస్తాము. ఆ రోజుల్లో చిన్ని నాతో మాట్లాడదు.

కుక్కల మిగతా వ్యవహారం తేలికే. పిడుదులే పెద్ద బెడద; భైరవకు రెండో ఏడు జ్వరం వచ్చి, చిగుళ్ళు పాలిపోయి, ముక్కు నుంచి నెత్తురు కారితే పిడుదుల జ్వరమని తేలి నాలుగు వారాలు డాక్సీసైక్లిన్ మింగించాము. రేబీస్ టీకా ఏటా జూలై 6న వేయిస్తాము. 1885లో పాశ్చర్ మొదటిసారి ఒక పిల్లవాడికి ఆ టీకా వేయించిన తేదీ అదే, ఆ రోజున పశువైద్యశాలల్లో ఉచితంగా వేస్తారు. గుర్రాలకు కూడా రేబీస్ వస్తుంది కాబట్టి వాటికీ వేయిస్తాము. ధనుర్వాతం టీకా అంతకన్న ముఖ్యం, ఆ జబ్బుకు గుర్రమంత సులువుగా లొంగే పశువు మరొకటి లేదంటారు.

గ్లాండర్స్ అన్న గుర్రాల అంటురోగానికి చేసే రక్తపరీక్ష సంగతి వేరు. ఆ వ్యాధి మనుషులకూ సోకుతుంది, సోకిన గుర్రానికి చికిత్స చేయడం ఉండదు, 2009 నాటి అంటువ్యాధుల చట్టం కింద దాన్ని ప్రాణం తీసి పూడ్చవలసిందే. రక్తం తీసిన రోజు నుంచి ఫలితం వచ్చేదాకా మావారు వెన్నెల ముక్కు రంధ్రాలను రోజుకు పదిసార్లు చూస్తారు. చుట్టుపక్కల బారాత్ గుర్రాలు తిరిగి వచ్చే పెళ్ళిళ్ళ రోజుల్లో ఇతర గుర్రాల తొట్టిలో మావి నీళ్ళు తాగకుండా చూసుకోవడం మేము నేర్చుకున్న జాగ్రత్త.

వానాకాలంలో జోరీగలు వస్తాయి. గుర్రాల నెత్తురులో చేరే సుర్రా రోగాన్ని మోసేవి అవే గనుక సాయంత్రాలు వేపాకు పొగ వేస్తాము, అయినా శరత్ తోక ఆడిస్తూనే ఉంటాడు. పెళ్ళిళ్ళ కాలంలో దూరంగా బ్యాండు వినిపిస్తే వెన్నెల ఇప్పటికీ చెవులు రిక్కించి, ముందుకాళ్ళు ఒకటొకటే ఎత్తి వేస్తుంది. సంతోషమో, పాత భయమో నాకు అర్థం కాదు. టపాకాయలు మాత్రం భయమే. అప్పుడు భైరవ వెళ్ళి దాని కాళ్ళ దగ్గర కూర్చుంటుంది. ధైర్యం చెప్పడానికని మా ఆయన అంటారు, అది కూడా టపాకాయలకు భయపడే కుక్కేనని నాకు తెలుసు.

నిన్న రాత్రి తొమ్మిది గంటల పద్దు ఇలా రాశాను: శరత్ 9, వెన్నెల 8. దాని కింద మావారి చేతిరాత ఉంది: 'వెన్నెలవి 9. ఒకటి చిన్ని ఎత్తుకుపోయింది, నేను చూశాను.'